పావుచుట్టు

కొత్తకోటలో లారీ మెకానిక్కులకు కొదవ లేదు. వాళ్లలో నాకు కోపం తెప్పించినవాడు, నన్ను ఏడిపించినవాడు సాబిర్ ఒక్కడే. వాడు పనిచేసే షెడ్డుకు ఎదురుగానే నా మందుల షాపు.

సాబిర్ పుట్టిన నెలకే ఎడమ భుజంలో చీము పట్టింది. ప్రాణం దక్కింది గాని, మోచేతి పైనున్న ఎముక సరిగా ఎదగక భుజం దగ్గర వంకర తిరిగింది. ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి ఎడమ చెయ్యి కుడిదానికంటే నాలుగు వేళ్లు పొట్టి. లారీ గేర్‌బాక్సు దించాలంటే ఒక చేత్తో బోల్టు తిప్పుతూ రెండో చేత్తో వెనకున్న నట్టు పట్టుకోవాలి. వాడికి అది అందేది కాదు. అందుకే షెడ్డు నడిపే ఉస్తాద్ ఎల్లన్న వాడిని పానాలు అందించే పనిలోనే ఉంచాడు. వెనక చేరినవాళ్లు మిస్త్రీలైపోతుంటే వీడు చూస్తూ ఉండేవాడు.

2006లో హైదరాబాదు దవాఖానలో ఆ ఎముక కోసి, వంకర సరిచేసి, చేతికి బయటి నుంచి కమ్మీల చట్రం బిగించారు. దాని నట్టును పావుచుట్టు చొప్పున రోజుకు నాలుగుసార్లు తిప్పాలి. రోజుకు ఒక మిల్లీమీటరు సందు పెరుగుతుంది, ఆ సందులో కొత్త ఎముక పోసుకుంటుంది.

మెకానిక్కు చేతికి నట్టు అప్పగించి నిదానంగా తిప్పమంటే వింటాడా? ఇరవై రోజులు బుద్ధిగానే ఉన్నాడు.

"పది నంబరు నట్టే గదన్న. రోజుకు రెండింతలు తిప్పితే సగం రోజుల్ల అయిపోతది," అన్నాడు నాతో.

తిట్టాను. చెవిన పెట్టలేదు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు పెద్దలు. అలా రెండింతలు తిప్పడం మొదలెట్టిన ఆరో రోజు పొద్దున గాజుగుడ్డ కోసం షాపుకొచ్చాడు. మణికట్టు వేలాడుతోంది. లేపమన్నాను, లేవలేదు. అప్పటికప్పుడు హైదరాబాదు బస్సెక్కించాను.

నరం సాగలేక దెబ్బతిన్నదని డాక్టరు చెప్పాడు. నట్టును కొంచెం వెనక్కి తిప్పి, నరం కోలుకునేదాకా ముట్టుకోవద్దన్నాడు. కోలుకోకపోతే ఇక పొడవు మాట మరిచిపొమ్మన్నాడు.

"ఇగ సాలు బేటా. ఉన్న చెయ్యి గూడ పాయె. తీసేయించుకో," అని వాళ్లమ్మ మెహరున్నిసా మొత్తుకుంది.

"తప్పు జేసింది నేను అమ్మీ, చెయ్యి గాదు. జర ఆగు," అన్నాడు సాబిర్.

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. కుడిచేత్తో ఎడమ వేళ్లను ఒక్కొక్కటే లేపుతూ, రోజంతా అదే పనిగా కూర్చునేవాడు. మూడో వారం బొటనవేలు దానంతటదే లేచింది. మెహరున్నిసా చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి వచ్చి నాకు చెప్పింది. నేను గల్లాపెట్టె దగ్గరే ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు?

మణికట్టు నిలబడ్డాక డాక్టరు మళ్లీ తిప్పమన్నాడు, ఈసారి రోజుకు మూడే పావుచుట్లు. సాబిర్ ఇంటి గోడమీద బొగ్గుతో గీతలు గీసుకుంటూ తిప్పాడు. ఒక్క గీత ఎక్కువ లేదు, తక్కువ లేదు. నేను రోజూ వెళ్లి లెక్కపెట్టేవాణ్ణి. వాడిమీద అప్పటికింకా నాకు నమ్మకం కుదరలేదు మరి.

నలభై రోజుల తర్వాత దవాఖానకు వాడి వెంట నేనూ వెళ్లాను. డాక్టరు రెండు చేతులూ కొలిచి, ఎడమది ఇంకా వేలెడు మందం తక్కువుందన్నాడు.

"నరం బాగుంది. ఇంకో మూడు వారాలు తిప్పితే రెండూ సమానమవుతాయి. ఏమంటావు?"

"తిప్పుడు ఆపేద్దం సార్," అన్నాడు సాబిర్.

తొందరపడే మనిషి మళ్లీ తొందరపడుతున్నాడనుకుని నేను నోరు తెరవబోయాను.

"నాకు సమానం అక్కర్లే సార్. నిన్న చట్రానికి గుడ్డ సుట్టుకొని లారీ కిందికి పోయి సూస్కున్న. గేర్‌బాక్సు ఎనకున్న నట్టు అందింది."