మాబక్క తుంచిన రొట్టె

డబ్బా అడుగున మిగిలిన జొన్నలను పారబోయబోతూ మా మనవరాలు, "ముక్కవాసన వస్తాండాది అవ్వా" అంది. ఇటివ్వమని తీసుకుని వాసన చూశాను. మట్టి, చెమ్మ కలిసిన ఆ వాసనకు మాబక్క గుర్తొచ్చి అక్కడే కూర్చుండిపోయాను. ఈ ఇంట్లో ఆమెను చూసినవాళ్లు లేరు. నేను బతికుండటానికి ఆమే కారణమంటే, ముసలిది ఏదో పెద్ద మాట అంటోందనుకుంటారు.

ఆలూరు పక్కన మా ఊరు. యాభైల్లో వానలు ముఖం చాటేసిన ఏళ్లవి. మా వైపు జొన్నలను ఇంటి ముందు నేలలో తవ్విన లోతైన పాతరలో పోసి మూసేవాళ్లు. మూత తీశాక ఎంత ఆకలైనా ఒక పూట ఆగాలి. లోపలి చెడ్డగాలి పోవాలి. దీపం దించి చూసి, అది ఆరకుండా ఉంటేనే మనిషి దిగాలి. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. నా భర్తకు తెలియదా? ఇంట్లో గింజ లేదు, నా చంకలో బిడ్డ ఏడుస్తోంది. "ఏం కాదులే" అని దిగాడు. తాడు వేసి పైకి లాగేసరికే ప్రాణం పోయింది. ఆ ఒక్క పూట ఆగి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. అనుకుని ఒరిగేదేమీ లేదు, అయినా మానలేను.

తర్వాత ఆ జొన్నలనే మా అత్త తీయించి పిండి విసిరింది. మనిషిని మింగిన గింజలు నా గొంతు దిగవని గోడవైపు తిరిగి పడుకున్నాను. పాలు ఎండిపోయాయి. బిడ్డ ఏడుపు కూడా సన్నబడింది. పక్కింట్లో పరుపులకు దూది ఏకేవాళ్లు ఉండేవాళ్లు. ఆ ఇంటి ఇల్లాలే మాబక్క. ఆమె గొంతు ఊరంతా వినబడేది. ఆ రోజు మాత్రం చప్పుడు లేకుండా వచ్చి, మా పొయ్యి మీదే రొట్టె కాల్చి నా ముందు కూర్చుంది.

"ఏమ్మే లచ్చుమీ, నీ మొగుడు సావు కోసరం దిగినాడా, జొన్నల కోసరం దిగినాడా? నువ్వు తినకపోతే ఆయప్ప దిగింది వట్టిదే అయితాది."

నాకు ఒళ్లు మండింది. "పోయింది నీ మొగుడు కాదు కదక్కా, నువ్వు తింటావు" అన్నాను.

ఆమె రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. నమలలేక నములుతుంటే కళ్లనీళ్లు కారాయి. "తినలేకనే తింటాండా. నువ్వూ అట్లే తిను" అంది.

తిన్నాను. బిడ్డ బతికింది.

మరుసటి ఏడు ఎవరో పాతర తెరుస్తుంటే మాబక్క నన్ను రెక్క పట్టి లాక్కెళ్లింది. నేను వెనక్కి గుంజుకున్నా వదల్లేదు. "ఈడ కూర్చో. నువ్వు దిగమన్నిందాకా ఎవుర్నీ దిగనియ్యద్దు" అని దీపం నా చేతికిచ్చింది. ఆ తర్వాత ఎవరు పాతర తెరిచినా నాకు కబురు వచ్చేది. తొందరపడిన మగవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టి ఆపేదాన్ని. నేనున్నన్నాళ్లూ మా ఊళ్లో మరొకరు అలా పోలేదు.

బిడ్డ కాస్త పెద్దదయ్యాక రాయచోటిలో ఉన్న మా అన్న దగ్గరికి వచ్చేశాను. మాబక్క కొడుకు పాము కరిచి పోయాడని, ఆమె తిండి మానేసి ఆ దిగులుతోనే పోయిందని ఎప్పటికో తెలిసింది. దగ్గరుంటే ఎంత బాగుండేదని గుండెలు బాదుకున్నాను.

ఈ వీధిలో ఎవరింట్లో చావు జరిగినా నేను వెళతాను. పళ్లెం పెట్టి, ఎదురుగా కూర్చుని, ముందు నేను ఒక ముద్ద తింటాను. కొందరు తిడతారు, తర్వాత తింటారు. మాబక్క ఎదుట కూర్చోవడానికి మాత్రం నేను అక్కడ లేకపోయాను.