ఆవిడ ఓటు కాగితం

మొన్న ఇక్కడ గల్ఫ్‌లో, కరామా పేటలో ఉండే మా చెల్లెలి కూతురి ఇంటికి భోజనానికి వెళ్తే, ఓటరు జాబితాలో పేరుందో లేదో చూసుకోమని ఊరి నుంచి వచ్చిన మెసేజి చదివి, లీవు పెట్టుకుని ఓటేయడానికి ఎవరెళ్తారు పెద్దమ్మా అని ఆ పిల్ల నవ్వేసింది. నాకేమో అల్ ఐన్‌లో నర్సుగా చేసిన రోజులూ, కరోనా మొదటి ఏడాది మా వార్డులో ఉన్న అమెరికా పెద్దావిడా గుర్తొచ్చారు.

ఆవిడ నల్లజాతి మనిషి, రిటైరైన టీచరు, ఇక్కడి స్కూల్లో పనిచేసే కూతురి దగ్గరికొచ్చి జబ్బుపడింది. ఊపిరి కాస్త అందిన పూటల్లా తండ్రి సంగతి చెప్పేది. వాళ్ళ దక్షిణాది రాష్ట్రంలో ఆయన కౌలురైతు. ఓటరుగా పేరు రాయించుకోవాలంటే చదువు పరీక్ష నెగ్గాలని అక్కడ చట్టం ఉండేదట. తెల్లవాళ్ళను పేరూ ఊరూ అడిగి పంపేసే గుమాస్తా, ఈయన చేతికి మాత్రం రాజ్యాంగంలోని ఒక ముక్క ఇచ్చి అర్థం చెప్పమనేవాడట, తప్పో ఒప్పో తేల్చేదీ ఆ గుమాస్తాయే. మూడుసార్లు తప్పించాడు. భూమి ఖాళీ చేయిస్తానని ఆసామి బెదిరించినా ఆయన చిన్నపిల్లైన ఈవిడను వెంటబెట్టుకుని నాలుగోసారీ వెళ్ళాడు. ఆ చట్టం పోయాకే, తల నెరిశాక, మొదటి ఓటు వేశాడు.

మా దగ్గరున్నప్పుడే వాళ్ళ ఎన్నికలొచ్చాయి. కూతురు ఓటు కాగితం లోపలికి పంపి, నింపి సంతకం పెడితే ఫొటో తీసి పంపమంది, విదేశంలో ఉన్నవాళ్ళకు వాళ్ళ రాష్ట్రంలో అది చెల్లుతుందట. ఈ పరిస్థితిలో ఇదేం గొడవని హెడ్ నర్సు కాదంటే, బతిమాలి ఒప్పించాను. గుర్తు పెట్టేటప్పుడు నేను అటు తిరిగి నిలబడ్డాను. సంతకం దగ్గర పెన్ను జారిపోతుంటే చెయ్యి పట్టుకోబోయాను.

“వద్దు సిస్టర్, ఇది నేనే పెట్టాలి,” అంది.

మధ్యమధ్య ఆక్సిజన్ మాస్కు తగిలించుకుంటూ, నాలుగు అక్షరాలకొకసారి ఆగుతూ, అరగంటకు పూర్తిచేసింది. కొన్నాళ్ళకు కోలుకుని ఇంటికెళ్ళింది కానీ, తరువాతి ఎన్నికల దాకా లేదు.

ఇరవై ఏళ్ళుగా ఓటు మాటే తలవని నేను, మన ఎన్నికలు రాగానే సెలవడిగాను. కుదరదన్న ముదీర్‌తో, అదే మా మేనేజరుతో, అయితే రాజీనామా తీసుకోండి సార్ అన్నాను, సెలవిచ్చాడు. గోదావరి ఒడ్డున మా ఊరి బడిలో, మే నెల ఎండలో మూడు గంటలు నిలబడి ఓటేశాను.

ఆ పరీక్షలు ఇప్పుడు పిల్లలకు పుస్తకంలో ఒక పేరా. ఆ గుమాస్తా గుమ్మం ముందు ఆవిడలా తండ్రి పక్కన నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, వాళ్ళ నోట విన్న మేమూ పెద్దవాళ్ళమైపోతున్నాం.