వెనకాల వస్తానన్న మనిషి

పోయిన నెలలో మా మామా, అంటే నేను పనిచేసే ఇంటి యజమానురాలు, తన దగ్గరి చుట్టాల్లో ఒక పెద్దావిడ కాలం చేస్తే, పలకరింపుకు వెళ్తూ నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళింది. ఇన్నేళ్ళుగా ఆవిడ ఇంట్లోనే వంట చేస్తున్నాను కదా, నన్ను పనిమనిషి అనడం ఎప్పుడో మానేసింది. ఆడవాళ్ళంతా ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయాలలో గోడ వెంబడి కూర్చుని ఉన్నారు. కాఫీ పోసే అమ్మాయి వచ్చి చిన్న కప్పు చేతికిచ్చింది. రెండు గుక్కలు తాగి, కప్పును అటూ ఇటూ కొంచెం ఊపి తిరిగిచ్చేశాను, ఊపితే చాలని అర్థం, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. ఆ తర్వాత తలెత్తి ఆ పిల్ల ముఖంలోకి చూశాను. పాపం, ఆ పిల్ల తత్తరపడింది. కాఫీ పోసే మనిషి ముఖంలోకి ఎవరూ చూడరు మరి. నేను మాత్రం ఏ చావింటికి వెళ్ళినా చూస్తాను, చూసి, కాదని తెలుసుకుని, ఆ రాత్రికి నిద్ర లేకుండా చేసుకుంటాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మేము ఈ అరబ్బు దేశానికి వచ్చిన కొత్తలో, మనవాళ్ళంతా ఉండే అబ్బాసియా పేటలో ఒక్కో గదిలో ఎంతమంది సర్దుకునేవాళ్ళమో. శుక్రవారం సెలవు దొరికినవాళ్ళంతా అక్కడే చేరేవాళ్ళం, ఎవరో ఒకరు ఊరి నుంచి తెచ్చిన ఊరబిండి పచ్చడి ఉంటే ఆ వారం పండగే. మేము ముగ్గురం ఒకే విమానంలో దిగినవాళ్ళం. మిగతా ఇద్దరిలో ఒకరిని నేను అక్క అని పిలిచేది వయసును బట్టి, ఇంకొకరిని వదిన అని పిలిచేది మా ఆయన వైపు వరసను బట్టి. బయల్దేరే ముందు రాయచోటిలో ఒకే అంగట్లో ముగ్గురమూ ఒకే రకం మెట్టెలు కొనుక్కున్నాము, చేప బొమ్మ ఉన్నవి, పరాయి దేశంలో ఒకరినొకరు గుర్తుపట్టడానికి అని అక్క ఎగతాళి చేసింది కూడా. ఆ ఎగతాళి అట్లా ఫలిస్తుందని ఎవరనుకున్నారు!

వదిన మొదట్లో రెండు మూడు శుక్రవారాలు వచ్చింది, తర్వాత రావడం మానేసింది. ఆమె చేసే ఇల్లు అట్లాంటిది. గేటు దాటనిచ్చేవారు కాదు, ఫోను ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ ఇంట్లో మంచానపడ్డ ముసలమ్మ ఒకామె ఉండేది, ఆమె వదిన చేత్తో పెడితే తప్ప తినేది కాదు. అదే వదిన పాలిట సంకెల అయింది. ఒప్పుకున్న గడువు తీరిపోయినా పాస్‌పోర్టు ఇవ్వలేదు, ఇంటికి పంపలేదు.

ఆమెను ఆ ఇంట్లో పెట్టింది ఏజెంటమ్మ. ఆ మనిషిని మేమందరం అట్లాగే పిలిచేవాళ్ళం. మా కడప వైపు మనిషే, మాకంటే చాలా ముందు వచ్చింది, అరబ్బీ గడగడా మాట్లాడేది. ఇళ్ళలో మనుషులను పెట్టేదాకా తీయగా ఉండి, పెట్టాక ఫోనెత్తదని ఆమెకు పేరు. మాట్లాడేటప్పుడు మన ముఖంలోకి కాకుండా గోడవైపు చూసేది. అట్లా చూసేవాళ్ళను నేను ఇప్పటికీ నమ్మను. అయినా ఆమెను మాత్రం... సరే, వరసలో చెబుతాను.

ఒకరోజు ఆ మనిషి తనంతట తానే మా గదికి మెట్లెక్కి వచ్చింది. ముసలమ్మ పోయిందని, ఇక వదినను సౌదీలో ఉన్న ఆ ఇంటి కూతురి దగ్గరికి పంపేస్తారని చెప్పింది. సరిహద్దు దాటించాక వదిన మనకు దొరకదు. ఉన్నవి పలకరింపుల మూడు రోజులే. ఏ రోజూ తెరుచుకోని ఆ ఇంటి తలుపు ఆ మూడు రోజులూ తెరిచే ఉంటుంది, నల్లబట్టలు కట్టుకుని వచ్చిన ఆడదాన్ని నువ్వెవరని అడగడం మర్యాద కాదు. ఆ తెరిచిన తలుపులోంచి మనం లోపలికి పోయి వదినను తీసుకొచ్చి మన ఎంబసీకి చేర్చాలని ఆమె ఆలోచన. అక్క ఆమె ముఖం మీదే నవ్వింది. నీకెందుకమ్మా ఇంత దయ అని అడిగింది. ఆ మనిషి గోడవైపే చూస్తూ అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"ఆ యింట్లో ఆ పిల్లను పెట్టింది నేను. తీస్కొచ్చేది గూడా నేనే. మీరు వస్తే రాండి, ల్యాకుంటే లేదు."

ఆమె వెళ్ళాక చాలాసేపు వాదించుకున్నాము. పట్టుబడితే ఇక్కడ ఉండనిచ్చే కాగితాలు, మా ఇఖామాలు పోయి, జైల్లో కూర్చుని, అటునుంచి అటే ఇంటికి పోవాలి. ఈ మనిషి మమ్మల్ని కూడా ఆ ఇంటివాళ్ళకు పట్టిచ్చి మంచిపేరు కొట్టేయదని నమ్మకమేముంది? కానీ అరబ్బీ వచ్చినవాళ్ళు, ఆ ఇంటి దారి తెలిసినవాళ్ళు మాకు ఇంకెవరున్నారు? చివరికి అక్క కారంపొడి పొట్లం కట్టి సంచిలో వేసుకుంది, తేడా వస్తే ముందు ఏజెంటమ్మ కళ్ళలోనే కొడతానంది. ఆ భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

మరునాడు మధ్యాహ్నం ఆమె అబాయాలు, ముఖానికి ముసుగులు, చేతులకు నల్ల తొడుగులు తెచ్చింది. బొట్టు తుడిపించింది, తాళి లోపలికి దోపించింది. అద్దంలో చూసుకుంటే ఎవరు అక్కో ఎవరు నేనో నాకే తెలియలేదు. ఆడవాళ్ళ మధ్య ముసుగు తీసేయడం ఇక్కడ మామూలే గానీ, ఎడారి వైపు నుంచి వచ్చే కొందరు పాతకాలపు ఆడవాళ్ళు తీయరనీ, మమ్మల్నీ అట్లాంటివాళ్ళనే అనుకుంటారనీ చెప్పింది. నోరు తెరవద్దు, ఏడుస్తున్నట్టు తల వంచుకోండి, కాఫీ చాలనుకుంటే కప్పు ఊపండి అని టాక్సీలో పాఠం చెప్పింది. వదినకు అబాయా ఏది అని అక్క అడిగితే, ఉందిలే అని ఊరుకుంది. ఆమె సంచి వైపు చూశాను. ఖాళీగా కనిపించింది.

గేటు దగ్గర ఆ ఇంటి డ్రైవరు కుర్చీ వేసుకుని వచ్చేవాళ్ళను, పోయేవాళ్ళను చూస్తున్నాడు. మా ముగ్గురినీ పరకాయించి చూసి వదిలాడు. హాలు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి తివాచీ మీద కాలు పెట్టాక గానీ తెలియలేదు, ముఖం నుంచి వేలికొసల దాకా దాచుకున్న మేము పాదాలను మరిచిపోయామని. చేప మెట్టెలు తళతళమంటున్నాయి! ఏ అరబ్బు ఆడది మెట్టెలు పెడుతుంది? నేను నిలువునా బిగుసుకుపోయాను. ఏజెంటమ్మ కూడా అప్పుడే చూసింది. నన్ను తన పక్కకు లాగి కూర్చోబెట్టి, తన అబాయా అంచును నా పాదాల మీదికి పరిచింది. అక్క తన కాళ్ళు కిందికి ముడుచుకుంది.

"గమ్మునుండు మే. కదలగాకు," అంది ముసుగులోంచి.

కాఫీ పాత్ర పట్టుకుని వదిన వచ్చింది. ఎంత చిక్కిపోయిందో! కళ్ళు వాచి ఉన్నాయి. ఆ ఏడుపు నటన కాదు, ముసలమ్మ మీద ఆమెకు నిజంగానే ప్రేమ. నాకు కాఫీ పోసింది, తాగాను, మళ్ళీ పోసింది, మళ్ళీ తాగాను, కప్పు ఊపాలన్న సంగతి భయంతో పూర్తిగా మరిచిపోయాను. ఆ చేదు ఇప్పటికీ నాలుక మీద ఉంది. వదిన మాత్రం నన్ను గుర్తుపట్టలేదు, ఎట్లా గుర్తుపడుతుంది? సరిగ్గా అప్పుడు ఏజెంటమ్మ నా పాదాల మీది అబాయా అంచును మెల్లగా పక్కకు తీసేసింది.

పట్టిచ్చేసింది అనుకున్నాను. అక్కా అదే అనుకుంది, సంచిలో పొట్లాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే కాగితం చిరిగి, తొడుగులోంచి కారం దిగి, తర్వాత రెండు మూడు రోజులు ఆమె చేయి మండింది. కానీ మా ముందు వంగి ఉన్నది వదిన ఒక్కతే. ఆమె నా కాళ్ళు చూసింది. తన కాళ్ళు చూసుకుంది. అవే చేపలు. కాఫీ కప్పు నిండి నా తొడుగు మీదికి పొంగింది, వేడి తెలుస్తున్నా నేను కదల్లేదు.

ఏజెంటమ్మ లేచి, తడిసిన తొడుగు అందరికీ కనపడేట్టు నా చేయి పట్టుకుని కడుక్కోవడానికని లోపలికి నడిపించింది. అక్క వెనకే వచ్చింది, తుడిచే గుడ్డతో వదిన వచ్చింది. స్నానాలగది పక్కన ఇరుకు దారిలో నిలబడగానే ఆ మనిషి తన అబాయా, ముసుగు, తొడుగులు విప్పి వదినకు వేసింది. అబాయా కింద ఆమె ఒంటి మీద ఉన్నది పనిమనుషులు తొడుక్కునే పొడుగు గౌను. తలగుడ్డతో సహా సిద్ధమై వచ్చింది. వదిన చేతిలోని కాఫీ పాత్ర తీసుకుంది.

"గేటుకాడ వాడు ముగ్గుర్ని రానిచ్చినాడు, ముగ్గురే బయటికి పోవల్ల. కాఫీ పోసేది ఆగితే యెతుకుతారు. మీరు పోతాండండి, నేను ఎనకాల వస్తా."

మొదటిసారి నా కళ్ళలోకి చూసి చెప్పింది. నేను ఏదో అనబోయేలోగా హాల్లోకి వెళ్ళిపోయింది. చెప్పులు వేసుకుంటూ ఒక్కసారి వెనక్కి చూశాను, వంగి ఎవరికో కాఫీ పోస్తోంది, పోయించుకునే ఆమె పక్కవాళ్ళతో మాట్లాడుతోంది.

డ్రైవరు మమ్మల్ని ఆపలేదు. వదిన టాక్సీలో మా ఇద్దరి చేతులూ వదల్లేదు. ఎంబసీలో అప్పజెప్పాము, కొన్నాళ్ళకు కాగితాలు తయారై ఇంటికి వెళ్ళిపోయింది.

ఏజెంటమ్మ రాలేదు. ఆ సాయంత్రం చూశాము, ఆ శుక్రవారం చూశాము. ఫోను మోగి మోగి, తర్వాత మోగడం కూడా మానేసింది. అబ్బాసియాలో ఆమె గదికి వెళ్తే వేరేవాళ్ళు ఉన్నారు. పట్టుకుని దేశం దాటించారని ఒకరు, ఇక్కడే మంగఫ్ పేటలో చూశామని ఒకరు, వదినకు బదులుగా ఆమెనే సౌదీకి తీసుకుపోయారని ఒకరు చెప్పారు. ఆ చివరి మాట విన్న రోజు అక్క అన్నం ముందు నుంచి లేచిపోయింది. స్టేషనుకు పోయి అడుగుదామన్నా ఏమని అడగాలి? ఏజెంటమ్మ అంటే ఎవరికి తెలుస్తుంది? ఆమె పేరేమిటో, ఊరేదో మాకు తెలియదు.

అక్క ఇప్పుడు లేదు. వదిన లక్కిరెడ్డిపల్లె దగ్గర మనవళ్ళతో ఉంది, ఫోను చేస్తే బాగున్నావా అనే కంటే ముందు, కనపడిందా అని అడుగుతుంది. లేదంటాను.

కాలం మారింది. ఇప్పటి పిల్లల చేతుల్లో ఫోనుంది, కష్టమొస్తే ఏడుస్తూ వీడియో పెడితే సాయంత్రానికి ఊరంతా చూస్తుంది, ఎవరో ఒకరు కదులుతారు. మంచిదే, అట్లాగే ఉండాలి. మాకు ఉన్నది మేము నమ్మని ఒక్క మనిషి. ఇప్పుడు ముసుగు లేకుండా, మెట్టెలు దాచుకోకుండా, పరామర్శకు ముందు గుమ్మంలోంచే వెళ్ళి వస్తున్నాను. పోయిన నెల కూడా చెప్పులు వేసుకుంటూ ఆగిపోయాను. మామా కారు దగ్గర నిలబడి, యల్లా, పద పోదాం, ఎవరికోసం చూస్తున్నావు అంది. ఎవరూ లేరు మామా అన్నాను. అని, గేటు దాటేదాకా మెల్లగానే నడిచాను, వెనకాల వచ్చే మనిషికి అందేట్టు.