బాబాయ్ అప్పగించిన ఇనుప కుండీలు

ఇందుమూలంగా బచేలి టౌన్‌షిప్‌లోని మా లైను వాసులకూ, వారి చుట్టపక్కాలకూ, వారి మేకలకూ తెలియజేయునది ఏమనగా: గుమ్మం ముందు పెట్టుకునే ఇనుప కుండీ మోకాలికి పైన ఉండవలెను, నడుముకు మించరాదు. కన్నం అడుగున కాదు, పక్కన ఉండవలెను. నల్ల రంగు కొట్టే ముందు రెడాక్సైడు రెండు పూతలు పడవలెను. అందులో తులసి నాటరాదు, ప్లాస్టిక్ పువ్వు అసలే గుచ్చరాదు. ఉల్లంఘించినవారికి శిక్ష ఏమిటంటే, శాసనకర్త స్వయంగా వచ్చి వారి మెట్ల మీద కూర్చుని, టీ పూర్తయ్యేదాకా హితబోధ చేయును.

ఆ శాసనకర్త పోయిన మంగళవారం గీదంలో చనిపోయాడు. ఇక ఎవరి గుమ్మం ముందు ఎవరేం పెట్టుకున్నా అడిగేవాడు లేడు.

కబురు చెప్పింది పిన్ని. నేను దుకాణంలో ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్స్ తీస్తున్నాను. ఫోన్ ఎత్తగానే, "మీ బాబాయి ఎల్లిపోనాడురా" అంది. నేను "ఎక్కడికి?" అన్నాను. నోటి అలవాటు. ఏ మాటకైనా ముందు వెటకారం వచ్చి, అర్థం ఆ తర్వాత తీరిగ్గా వచ్చే నోరు నాది. అవతల పిన్ని ఫోన్ పెట్టేసింది. మిషన్ మాత్రం కాపీలు తీస్తూనే ఉంది. ఒకటి చాలన్న మనిషికి పద్నాలుగు ఇచ్చాను.

ఆయన మా నాన్న తమ్ముడేం కాదు. ఇద్దరూ విజయనగరం వైపు నుంచి ఒకే రైల్లో వచ్చి ఇక్కడ కొండ మీది ఇనుప గనిలో ఉద్యోగంలో చేరారు. ఆ రైలు చుట్టరికంతో ఆయన నాకు బాబాయ్. వర్క్‌షాపులో వెల్డరు. నేను పదో తరగతిని రెండుసార్లు పలకరించి వచ్చినవాణ్ని. బజార్లో జిరాక్స్ దుకాణం నాది, క్వార్టరు మాత్రం నా భార్యది. ఆమె ఆస్పత్రిలో ఆయా. మాదీ బాబాయ్‌దీ పక్కపక్క గుమ్మాలు.

మా ఊరి వాన సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. ఇక్కడ నేలంతా ఇనుము రంగు. వాన పడితే బురద మోకాలి ఎత్తు చిమ్ముతుంది. గుమ్మం దగ్గర మట్టికుండీలో ఎంత ముద్దుగా మొక్క పెంచినా శ్రావణం వచ్చేసరికి దాని ముఖం ఎర్ర ముసుగు వేసుకుంటుంది. ముసుగు వేయకముందే మేక తినకపోతే. అందుకని బాబాయ్ ఎత్తు కుండీలు కనిపెట్టాడు. సెలవు రోజున గీదం బస్సెక్కి వెళ్లేవాడు. అది నాలుగు దారులు కలిసే చోటు కాబట్టి అక్కడి కబాడీ దుకాణంలో, అంటే పాత ఇనుము కొట్టులో, పాత లారీల రేకులు ఎప్పుడూ ఉండేవి. వాటిని బస్సు టాపు మీద వేసుకొచ్చి, పెరట్లో కోసి, వంచి, అతికి, నలుపలకల కుండీ చేసేవాడు. కింద బొటనవేలంత కాళ్లు, నేల తడికి అడుగు తుప్పు పట్టకుండా. లోపల టీవీ డబ్బాల్లో వచ్చే థర్మాకోల్, ఎండకు ఇనుము కాలి వేళ్లు ఉడికిపోకుండా. అడుగున సగం దాకా రాళ్లు.

"ఇన్ని రాళ్లెందుకు బాబాయ్, మొక్క నాటుతున్నావా, వంతెన కడుతున్నావా?" అంటే, "ఎత్తుగ నిలబడ్డ దానికి అడుగున బరువుండాల్రా. నేకపోతే ఆవు గోక్కుంటే సాలు, పడిపోద్ది. నిన్ను సూడు, పైనంతా నోరే" అనేవాడు.

మొదట తన గుమ్మానికి అటొకటి, ఇటొకటి పెట్టుకున్నాడు. క్రోటన్ మొక్కలు వేశాడు. తర్వాత మా గుమ్మానికి. ఆ తర్వాత లైనులో అడిగిన ప్రతి ఇంటికీ. తెలుగువాళ్లకూ, హిందీవాళ్లకూ, ఒరియావాళ్లకూ. కొందరు వరండాలో మూలకొకటి కూడా పెట్టించుకున్నారు. గుమ్మం గుమ్మానికీ రెండేసి నల్లటి కుండీలు నిలబడి ఉంటే, మా పాత క్వార్టర్లు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకున్నట్టు కనిపించేవి. "గుమ్మం మన మొకం రా. లోపల మంచం ఇరిగిపోయినా పర్నేదు, మొకం కడుక్కుని ఉండాలి" అనేవాడు.

నేను ఆయనతో ఆడని ఆట లేదు. ఒకసారి క్రోటన్ల మధ్య నాలుగు ప్లాస్టిక్ రోజాలు గుచ్చాను. ఆయన రోజూ వాటికి కూడా నీళ్లు పోస్తుంటే మా కిటికీలోంచి చూసి పొట్ట పట్టుకుని నవ్వాను. నాలుగో రోజు మా గుమ్మం ముందుకొచ్చి, "ఒరే, నీ రోజాలకి పురుగు పట్టీసింది. మందు తెచ్చి కొట్టు" అన్నాడు, ముఖంలో ఒక్క గీత కదలకుండా. మొదటి రోజు నుంచీ ఆయనకు తెలుసు. నాలుగు రోజులు నీళ్లు పోసింది రోజాలకు కాదు, నాకు.

అందుకే ఆ కాగితం కూడా కనిపెట్టేస్తాడనుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది మా లైనువాళ్లకు తెలియదు. జిరాక్స్ దుకాణంవాడికి ఆఫీసు నోటీసులు ఎలా ఉంటాయో ఆఫీసువాళ్ల కంటే బాగా తెలుసు. ఒక వానాకాలం పొద్దున, గిరాకీ లేక చేతులు దురద పెట్టి, హిందీలో ఒక 'ఆవశ్యక్ సూచనా' టైపు చేశాను. క్వార్టర్ల ముందున్న ఇనుప గమ్లాలకు, అంటే కుండీలన్నిటికీ, తనిఖీ ఉంటుందనీ, ఆ ఇనుము ఎక్కడిదో రుజువు చూపనివారిపై చర్య తీసుకుంటామనీ రాశాను. కింద మా దుకాణం గుండ్రటి స్టాంపునే తిప్పి, అలికేసినట్టు కొట్టాను. బాబాయ్ డ్యూటీలో ఉండగా తలుపుకు అంటించాను. సాయంత్రం తిట్టుకుంటూ వస్తాడు, నవ్వుకుంటాం, నా భార్య టీ పెడుతుంది. పథకం ఇంతే.

ఆ మధ్యాహ్నం మిషన్ సామాను కోసం జగదల్‌పూర్ వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఘాట్‌లో చెట్టు పడి దారి ఆగింది. రాత్రికి అక్కడే ఉండిపోయాను. జేబులో ఫోన్ ఉంది. చేయలేదు. జోకు ఒక పూట ఎక్కువ మగ్గితే ఇంకా తియ్యగా ఉంటుందనుకున్నాను. వానదీ చెట్టుదీ తప్పు లేదు. ఇది రాసుకోండి.

మర్నాడు వచ్చేసరికి బాబాయ్ గుమ్మం బోడిగా ఉంది. క్రోటన్లు వేళ్లతో సహా గోడవారన పడి ఉన్నాయి. నా భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆమెది కిష్టారం పక్క పల్లె, మాట కూడా ఆ వైపుదే.

"చిన్నమామ ఏం చేసిండో ఎరుకేనా?" అంది.

"ఏం చేశాడు?" నవ్వు ఇంకా నా ముఖం మీదే ఉంది.

"కుండీలు రెండూ మిషిన్ పెట్టి కోసిండు. ఆటోల ఏసుకొని పోయి కంపెనీ గేటుకాడ ఇచ్చి వచ్చిండు. నా తాన రుజువు లేదు, మీరే తీసుకోండ్రి అన్నడంట. ఏంది నువ్వు నవ్వేది?"

దొంగిలించినవాళ్లను చూశాం. తన సొంత ఇనుమును తనే మోసుకెళ్లి దొంగసొత్తులా అప్పగించినవాణ్ని మా లైను అప్పుడే చూసింది. కబాడీవాడు ఎన్నడూ ఎవరికీ చీటీ రాసివ్వడు. బాబాయ్‌కి రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉంది. ఆఫీసుకు వెళ్లి, "ఈ కాగితం మీదేనా?" అని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగలేదు. పొట్ట చేతపట్టుకుని వచ్చిన మా తెలుగువాళ్ల జబ్బు అది. పరాయి రాష్ట్రంలో స్టాంపు కనబడితే ముందు తల దించుతాం, చదవడం తర్వాత.

అప్పటికే మాట లైను దాటిపోయింది. "చోరీ కా మాల్ థా క్యా?" అని, దొంగసొత్తేనా అని ఒక ఇంట్లో. "తప్పు చెయ్యనోడు ఎందుకిచ్చేత్తాడమ్మా?" అని ఇంకో ఇంట్లో. వారం తిరక్కుండా ఆయన చేసిచ్చిన కుండీలన్నీ గుమ్మాలు వదిలి పెరళ్లలోకి నడిచిపోయాయి. మా రెండూ కూడా. నేనే ఈడ్చాను.

చెప్దామనే, జగదల్‌పూర్ నుంచి వచ్చిన రోజు సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. పిన్ని కంచం ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. ఆయన గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. "రెండు పూటలయ్యింది, ఏటీ తిన్నేదు. నువ్వైనా నవ్వించరా" అంది నన్ను. నవ్వించమంది! దొంగ స్టాంపు కేసవుతుందని, నా భార్య ఉద్యోగానికీ క్వార్టరుకూ చుట్టుకుంటుందని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజమే. ఎక్కువ పాలు పిరికితనం. రేపు చెబుతానన్నది వచ్చే వారమైంది. ఆ తర్వాత చెప్పడం కంటే చెప్పకపోవడమే చేతికి అలవాటైన పనిలా అయిపోయింది.

ఏడాదికి వీడ్కోలు సభ పెట్టారు. శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెట్టాక ఒకాయన మైకులో, "జాగ్రత్త మేస్త్రీ, ఆ కుర్చీ ఇనుముదే, ఇంటికి పట్టుకెళ్లిపోకు" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎప్పుడూ నవ్వేవాడు ఆ పూట నవ్వకపోతే అనుమానం వస్తుందని నవ్వాను. బాబాయ్ కూడా నవ్వబోయి, శాలువా సర్దుకున్నాడు.

క్వార్టరు ఖాళీ చేసి గీదంలో అద్దెకు దిగారు. కబాడీ దుకాణం అక్కడికి నాలుగడుగులు. ఆయన ఆ వీధిలోకి వెళ్లేవాడు కాదు, మందులకైనా చుట్టు తిరిగి వెళ్లేవాడు. వెల్డింగు కడ్డీ మళ్లీ ముట్టలేదు. వాళ్ల గుమ్మం ముందు ఒక్క డబ్బా కూడా లేదు. నేను పళ్లు పట్టుకుని వెళ్తుండేవాణ్ని. "మిషిను బాగున్నాదా?" అని అడిగేవాడు, దాని ఆరోగ్యం నా ఆరోగ్యం కంటే ముఖ్యమైనట్టు.

కిందటి నెల ఊపిరితిత్తులు మొరాయించి మంచం పట్టాక వెళ్లాను. పిన్ని నీళ్లకు బయటికి వెళ్లింది. అప్పుడు చెప్పేశాను. కాగితం నేనే రాశాననీ, స్టాంపు నాదేననీ. ఆయన కాసేపు పైకప్పు వైపు చూసి, "నాకు ఆ దినమే తెల్సురా" అన్నాడు. "నీ దుకాణం పేరు సగం కనపడతన్నాది. గుడ్డోణ్ననుకున్నావా?"

"మరి ఎందుకిచ్చేశావు బాబాయ్?"

"నిన్నట్టుకుంటే మీ ఆవిడ నౌకరీ పోద్ది. పిల్లలున్నోళ్లు. ఇనుముదేటుంది, మళ్లీ దొరుకుద్ది" అని నా చెయ్యి తట్టాడు. నేను ఏడిచాను. ఆయన నవ్వాడు.

మంగళవారం శంఖినీ వాగు ఒడ్డుకు తీసుకెళ్లాం. మా లైను నుంచి చాలామందే వచ్చారు. కట్టెలు పేరుస్తుండగా ఒకాయన, చెడ్డవాడు కాదు, నిజంగా బాధపడుతూనే అన్నాడు: "మంచి మనిషి. ఆ ఇనుము సంగతి ఒక్కటే... లేకపోతే వంక పెట్టడానికి లేదు." పిన్ని పక్కనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊళ్లో ప్రతివాడి మాటకూ మాట అంటించే నేను అక్కడ కూడా నోరు విప్పలేదు.

ఇంటికొచ్చి స్నానం చేశాక నా భార్యకు మొత్తం చెప్పాను. ఆమె తల తుడుచుకుంటున్న తువ్వాలు పక్కన పెట్టింది.

"గమ్మునుండి గమ్మునుండి ముసలాయనను దొంగను చేసినవు. నువ్వు నిజం కాయితం మీద రాస్తవా, నన్ను పోయి ఇంటింటికి చెప్పమంటవా?"

"నీ ఉద్యోగం..."

"పోతే పోనీ. ఆ పిన్ని మొఖం ఎట్ల చూడాలె నేను?"

అందుకని రాస్తున్నాను. ఆ ఇనుము గీదం కబాడీలో కొన్న పాత లారీ రేకు. మోసుకొచ్చిన బస్సులో నేను రెండుసార్లు పక్కన కూర్చున్నాను. అందులో గోరంత కూడా ఇంకెవరిదీ కాదు, ఆయనదే. ఆఫీసు ఏ నోటీసూ ఇవ్వలేదు. కేసు పెట్టాలనుకుంటే నా దుకాణం పొద్దున తొమ్మిదికి తీస్తాను. ఆయన్ను ఒక్క మాటైనా అన్నవాళ్లు పిన్ని దగ్గరికి వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను నిన్న వెళ్లాను. ఆమె తలుపు తీసింది, విన్నది, మళ్లీ వేసుకుంది. అది ఆమె ఇష్టం.

ఒక్క సంగతి మిగిలింది. ఇంతదాకా నిజం రాస్తున్న చెయ్యి ఒక్కచోట పాత బుద్ధి పోనిచ్చుకోలేదు. ఆయన మంచం దగ్గర నేను చెప్పడం, "నాకు ఆ దినమే తెల్సురా" అనడం, చెయ్యి తట్టడం, నా ఏడుపు, ఆయన నవ్వు, అదంతా కల్పన. ఆయనకు తెలుసో తెలియదో నాకు తెలియదు. ఇక తెలిసే దారి లేదు.

జరిగింది ఇది. పిన్ని నీళ్లకు వెళ్లింది. నేను ముందుకు జరిగి "బాబాయ్" అన్నాను. ఆయన తల తిప్పాడు.

"ఏటో సెప్పబోనావు?" అన్నాడు.

"ఏం లేదు. బయట వాన పట్టింది."

ఆయన కిటికీ వైపు చూడలేదు. దిండు మీద చెంప ఆనించి, నా నోటి వైపే చూస్తూ ఉండిపోయాడు. పిన్ని బిందెతో లోపలికి వచ్చేదాకా అలాగే చూస్తూ ఉన్నాడు.