తొర్ర దుంగ

పెద్ద పార్కులో ఎండిన చెట్లు కోయడం మా బాబాయ్ పని. ముప్పై ఏళ్లు అదే చేశాడు. అందరూ ఆయన్ని రంపం బాబాయ్ అనేవాళ్లు. ఎక్కడైనా మోడు కనిపిస్తే ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు. "చచ్చిన చెట్టు నిలబడి ఉంటే నా పరువు పోయినట్టే" అనేవాడు.

పార్కులో చిలకలు తగ్గిపోతున్నాయని ముందు కనిపెట్టిందీ ఆయనే. పాపం, ఆకలికి తాళలేక పోతున్నాయనుకున్నాడు. రోజూ పొద్దున్నే షెడ్డు ముందు దుంగ మీద కూర్చుని గింజలు చల్లేవాడు. చిలకలు వచ్చి తినేవి. అయినా ఏటికేడు తక్కువే వచ్చేవి.

నేను పక్షుల గురించి చదువుకున్నదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

"తిండి చాలక కాదు బాబాయ్. చిలక గూడు కట్టుకోదు, పాత చెట్ల తొర్రల్లో గుడ్లు పెడుతుంది. ఎన్ని తొర్రలుంటే అన్ని జంటలే. నువ్వు బస్తాలు గుమ్మరించినా ఒక్కటి కూడా పెరగదు."

ఏదో గొప్ప ముక్క చెప్పానని సంబరపడ్డాను. నా నోరు పడిపోను!

బాబాయ్ లేచి, తాను కూర్చున్న దుంగ వైపు తిరిగాడు. ఎప్పుడో తాను కోసి తెచ్చుకున్న దుంగే అది. దానికి ఓ పక్కన గుండ్రటి తొర్ర ఉంది. గింజల డబ్బా అందులోనే పెట్టుకునేవాడు. డబ్బా బయటికి తీసి, చెయ్యి లోపలికి పెట్టి చాలాసేపు తడిమాడు.

"కూడు పెట్టిందీ నేనే, గూడు కోసిందీ నేనేనా తల్లీ?" అన్నాడు.