తలకిందుల దణ్ణం

2001 జూన్ 10, ఆదివారం, సాయంత్రం. వ్యాయామశాల ఆవరణ. ఉన్నవారు: అధ్యక్షులుగారు, కార్యదర్శి, మాస్టారు, సాముకు వచ్చే కుర్రాళ్లు కొందరు, మా ఆవిడ, నేను, మా కోడలు.

ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ సమావేశాల మినిట్స్ రాయడం నా వంతు. ఆ అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు. డైరీలో ముందు తేదీ, తరువాత ఎవరెవరు ఉన్నారో రాసి, ఆ తరువాతే జరిగింది రాస్తాను. ఆ సాయంత్రం జరగవలసింది ఒక్కటే. మా కోడలు ఒక కొయ్య స్తంభం ఎక్కి, కాళ్లతో దాన్ని బిగించి, తలకిందులుగా వేలాడుతూ, రెండు చేతులూ వదిలి దణ్ణం పెట్టాలి. పెడితే రాజమండ్రిలో మా వీధి చివర వ్యాయామశాలలో ఆడపిల్లలకు పొద్దుటి తరగతి మొదలవుతుంది. పెట్టలేకపోతే లేదు.

సంగతి వేసవి మొదట్లోకి వెళ్లి చెప్పాలి.

మా వ్యాయామశాల గోదావరి గట్టుకు వెళ్లే సందులో ఉండేది. ఒక కుస్తీ గోదా, కొన్ని ఇనుప గుండ్లు, ఆవరణ మధ్యలో ఒక టేకు స్తంభం. రెండు నిలువుల ఎత్తు ఉండి, పైకి పోను పోను సన్నబడే స్తంభం అది. దాని మీద చేసే సామును మహారాష్ట్ర వైపు మల్లఖంబ్ అంటారు. మాకు సాము నేర్పే మాస్టారు రైల్వే ఉద్యోగం మీద కొన్నేళ్లు అటు ఉండి, నేర్చుకుని వచ్చి, మా ఊళ్లో పాతించారు. చర్మం ఒరుసుకుపోకుండా దానికి పలచగా ఆముదం పట్టిస్తారు. మగపిల్లలు కోతుల్లా ఎక్కి దిగేవారు.

మా అబ్బాయికి కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. వారానికోసారి వచ్చేవాడు. కోడలు మా దగ్గరే ఉండేది. కాలేజీలో ఖోఖో బాగా ఆడేదట. పెళ్లయ్యాక ఆ బూట్లు ఎవరికో ఇచ్చేసింది. మేడ మీద బట్టలు ఆరేస్తూ ఉంటే ట్యూషన్లకు వెళ్లే ఆడపిల్లలు వ్యాయామశాల గోడ దగ్గర సైకిళ్లు ఆపి, మునివేళ్ల మీద నిలబడి లోపలికి చూడటం ఆవిడకు రోజూ కనబడేది. ఒక రోజు నన్ను తోడు తీసుకుని వెళ్లి మాస్టారిని అడిగింది.

"ఆడపిల్లలకి కూడా నేర్పొచ్చు కదండీ?"

"నేర్పడానికి నాకేం బాధ లేదమ్మా. జారితే పట్టుకోవాలి. నేను పట్టుకుంటే వాళ్ల నాన్నలు వచ్చి నన్ను పట్టుకుంటారు. ఆడమనిషి ఎవరైనా పూర్తిగా నేర్చుకుంటే వాళ్ల చేతికి అప్పజెప్పేస్తాను."

"అయితే నేను నేర్చుకుంటానండి."

"మీరా?"

"ఆయ్."

మాస్టారు నా వైపు చూశారు. నేను తల ఊపాను. వ్యాయామశాల కమిటీ అధ్యక్షులుగారు పాతకాలపు రైసు మిల్లు యజమాని. ఆయన కాదనలేదు గాని ఒక షరతు పెట్టారు. మొదటి పాఠాల్లో చివరిది తలకిందుల దణ్ణం. అది చేయలేని మనిషి ఇంకొకరి పిల్లను పైకి ఎక్కించకూడదు. స్కూళ్లు తెరిచేలోగా కమిటీ ముందు చేసి చూపించాలి. మాస్టారిది ఇంకో షరతు: నేర్చుకున్నంతసేపూ ఇంట్లోంచి పెద్దవాళ్లు ఒకరు దగ్గర ఉండాలి. అలా నాకు పొద్దున్నే సిమెంటు బెంచీ మీద కూర్చునే ఉద్యోగం వచ్చింది.

మాస్టారు నేర్పే తీరు చూడదగ్గది. కుర్రాళ్లనయితే నడుం పట్టి పైకి విసిరేవారు. కోడలి విషయంలో చిటికెన వేలు కూడా తగలనివ్వలేదు. ఒక సన్నటి పేంబెత్తం పట్టుకుని స్తంభం మీద తట్టేవారు. "మోకాలు ఇక్కడ." తట్టు. "మడమ ఇక్కడ." ఇంకో తట్టు. ఆవిడ ఆ చప్పుడు ఎక్కడ వినబడితే అక్కడికి కాలు జరుపుకునేది. పేంబెత్తం మాట ఆవిడకి ఎంత బాగా అర్థమయ్యేదంటే, కొన్నాళ్లకు మాస్టారు నోరు విప్పడమే మానేశారు.

ఎక్కడం తొందరగానే వచ్చింది. కాళ్లు బిగించి వెనక్కి వాలడం కూడా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఒక చెయ్యి వదిలేది. రెండో చెయ్యి వదలబోయేసరికి కాళ్ల మధ్య స్తంభం జారేది. తల కిందికి, నెమ్మదిగా, బావిలోకి బొక్కెన దిగినట్టు దిగేది. కింద కొబ్బరి పీచు పరుపు మీద అరచేతులు ఆనించి, దొర్లి, లేచి కూర్చునేది. ఎర్రగా కమిలిన పిక్కలు ఒకసారి చూసుకునేది. లేచి, చేతులు తుడుచుకుని, మళ్లీ ఎక్కేది. విసుక్కోవడం గాని, స్తంభాన్ని తిట్టడం గాని, "ఎందుకిలా అవుతోంది" అని నీరసంగా కూర్చోవడం గాని నేను చూడలేదు. బెంచీ మీద కూర్చున్న నాకే ఓపిక పోయి పేపరు తెరిచేవాణ్ణి. పేపరు మీదుగా చూస్తే ఆవిడ మళ్లీ పైన ఉండేది.

"మోకాలు నొక్కడం లేదమ్మా మీరు" అనేవారు మాస్టారు.

"నొక్కుతున్నానండి."

"ఇంకా నొక్కాలి."

"సరేనండి."

ఇంటికి వచ్చి, పీట మీద కూర్చుని కూర తరుగుతూ, మోకాళ్ల మధ్య ఒలిచిన కొబ్బరికాయ పెట్టుకుని బిగించేది. వంకాయలన్నీ అయ్యేదాకా కాయ కింద పడకూడదు. మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి చూసి, "అలా పొదుగుతూ ఉండు, పిల్లలొస్తాయి" అనేది. అందరూ నవ్వేవాళ్లం. కాయ పడేది కాదు.

వీధిలో తెలియకుండా ఎలా ఉంటుంది? పాలబ్బాయి దగ్గర ఎదురింటావిడ మా ఆవిణ్ణి ఆపి అడిగింది. "ఏంటి వదినగారూ, కోడల్ని గడెక్కిస్తున్నారంట. డప్పు వాయించి పళ్లెం పట్టేది అన్నయ్యగారేనా?"

"ఆయనే. మొదట మీ గుమ్మంలోకే వస్తారు, చిల్లర సిద్ధంగా పెట్టుకోండి" అంది మా ఆవిడ.

నాకు ఆ మాట గుచ్చుకోలేదు. నా చిన్నతనంలో పంటలు ఇంటికి చేరాక మా ఊరికి గడసాము వాళ్లు వచ్చేవారు. వెదురు గడ కొనమీద పొట్ట ఆనించి ఒక స్త్రీ గిర్రున తిరుగుతుంటే ఊరు ఊరంతా మాట లేకుండా నిలబడేది. అంత పనితనాన్ని వెక్కిరింతకు ఎందుకు వాడతారో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

మే నెల సగం గడిచింది. జారడం ఆగలేదు. కుర్రాళ్లు ఎవరూ జారడం లేదు. మాస్టారికి ఆముదం మీద అనుమానం వచ్చింది. గోనెపట్టా పెట్టి స్తంభం తుడిచారు. అయినా జారింది. సుద్దపొడి రాశారు. కోడలు అప్పుడూ జారింది గాని, సాయంత్రం కుర్రాళ్లు తొడలు పట్టుకుని మొర పెట్టుకున్నారు. "మాస్టారూ, తోలు ఊడొచ్చేస్తోందండి బాబూ. మేమేం పాపం చేశాం?"

ఆ మర్నాడు నేను బీరువా తాళాలు జేబులో వేసుకుని వచ్చేశానని మా ఆవిడ వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడ వ్యాయామశాలలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. మాస్టారు స్తంభానికి సుద్ద రుద్దుతున్నారు.

"ఏమైందండి దానికి?"

"నూనె ఎక్కువైపోతోందమ్మా. మీ కోడలు ఒక్కావిడే జారిపోతోంది."

"నూనంటే మరి ఆ అమ్మాయి కాళ్లకే ఉంది కదండీ."

"కాళ్లకా?"

"రోజూ అన్నాలయ్యాక నేను రాస్తున్నాను కదా. కర్పూరం వేసి కాచిన నువ్వుల నూనె. పిక్కలు అలా కమిలిపోయి ఉంటే చూస్తూ ఊరుకోమంటారా?"

మాస్టారు సుద్దముక్క పట్టుకుని పరుపు మీద కూర్చుండిపోయారు. ఆ కాలు ఒక్కసారి ముట్టుకుని ఉంటే మొదటి రోజే తెలిసేది. ముట్టుకోని మర్యాద వల్ల ఇన్నాళ్లూ స్తంభాన్ని గీకుతూ వచ్చారు. మేమేమో ఎలాగూ చెమట పడుతుంది కదా అని సాము అయ్యాకే స్నానం అనే పద్ధతి పెట్టుకున్నాం. రాత్రి నూనె పొద్దున్న దాకా అలాగే ఉండేది.

"మీకైనా అనిపించలేదా అమ్మా?" అని అడిగారు మాస్టారు కోడల్ని.

"స్తంభానికి మీరే ఆముదం రాస్తున్నారు కదండీ. ఇంకొంచెం నూనె తప్పెలా అవుతుందనుకున్నాను."

"ఆముదం మేం చెయ్యి తగిలీ తగలనట్టు రాస్తామమ్మా. మీ అత్తగారు పోపుకి పోసినట్టు పోశారు."

మా ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇంటికి వచ్చాక కోడలే అంది. "రాయడం మానకండి అత్తయ్యగారూ. అది లేకపోతే నేను పొద్దున్న మెట్లు దిగలేను. స్నానం చేసి వెళ్తాను, అంతే." ఆ మర్నాటి నుంచి మా ఆవిడ ముందే లేచి నీళ్లు కాచి, సున్నిపిండి గిన్నె తానే అందించేది. జిడ్డు పోయిందో లేదో పిక్కల మీద వేలితో గీసి చూసి మరీ పంపేది.

జారడం ఆగింది. అప్పుడు అసలు కష్టం కనబడింది. ఇన్నాళ్లూ రెండో చెయ్యి వదిలే అవసరమే రాకుండా కాపాడింది ఆ నూనే. ఇప్పుడు కాళ్లు పట్టుకున్నాయి, చెయ్యి మాత్రం వదలదు. తలకిందులుగా ఉన్నప్పుడు, వదలమని ఎంత చెప్పినా వేళ్లు వినవట. మాస్టారు తొందరపెట్టలేదు. "ఎప్పుడు వదలాలో నేను చెప్పనమ్మా. కాళ్లు మోస్తున్నాయని మీకు తెలియాలి" అన్నారు.

ఆవిడ వేళ్లతో బేరం మొదలుపెట్టింది. ఒక రోజు చూపుడు వేలు ఎత్తి దిగిపోయేది. ఇంకో రోజు రెండు వేళ్లు. చిటికెన వేలు ఒక్కటే స్తంభానికి ఆనించి ఉండిపోయిన రోజు నేను బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాను. అదీ తీసేస్తుందనుకున్నాను. తీయలేదు. పైకి లేచి, దిగి, మంచినీళ్లు తాగింది. నాకు కోపం వచ్చినంత పనైంది. కాలవల మీద పనిచేసిన రోజుల్లో నీళ్ల కోసం ఎదురుచూసిన మనుషుల్ని ఎందరినో చూశాను గాని, చేతికి అందిన దాన్ని తీసుకోకుండా ఇంత నిమ్మళంగా ఉన్న మనిషిని చూడలేదు. జూన్ మొదట్లో ఒక పొద్దున్న రెండు చేతులూ వదిలింది. కనురెప్ప పాటు. తరువాత ఇంకాసేపు. దణ్ణం కూడా పెట్టింది. ఇక కమిటీ ముందు చేయడమే తరువాయి అనుకున్నాం.

కమిటీ వారు స్కూళ్లు తెరవబోయే ముందు ఆదివారం సాయంత్రం పరీక్ష పెట్టారు. పెద్దలకు వీలైన వేళ అదే. మృగశిర వచ్చినా చినుకు లేదు. పగలంతా కాగిన స్తంభం ఇంకా వేడిగా ఉంది. గాలి స్తంభించిపోయి, కూర్చున్నవాళ్లకే చొక్కాలు వీపుకు అంటుకున్నాయి.

కోడలు ఎక్కింది. కాళ్లు బిగించి వెనక్కి వాలింది. ఒక చెయ్యి వదిలింది. రెండో చేతి వేళ్లు ఒకటొకటిగా లేచాయి. మా ఆవిడ నా ముంజేయి గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్లు అలాగే కొంచెంసేపు గాలిలో ఉన్నాయి. తరువాత ఒకటొకటిగానే మళ్లీ స్తంభం మీదికి వచ్చాయి. ఆవిడ పైకి లేచి, నెమ్మదిగా కిందికి దిగి, కమిటీ వారి ఎదుట నిలబడింది.

"ఇవాళ పట్టు కుదరలేదండి. చెమటకి జారుతోంది."

"ఇంకోసారి చూడండమ్మా. ఇంతమంది వచ్చారు" అన్నాడు కార్యదర్శి.

"కుదరలేదని తెలిశాక ఎక్కితే పడతానండి."

"మరి గడువు ఇవాళ్టితో సరండి."

"తెలుసండి."

అధ్యక్షులుగారు కండువా దులిపి భుజాన వేసుకుని, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. కుర్రాళ్లు నేల చూపులు చూస్తున్నారు. దారి పొడుగునా మా ఆవిడ సాయంత్రం వేళ పెట్టినవాళ్లను దులిపేసింది. కోడలు బండి దగ్గర ఆగి మామిడిపళ్లు వాసన చూసి ఏరింది. ఇంటి గుమ్మంలో మాత్రం నన్ను అడిగింది.

"రేపు పొద్దున్న వెళ్దామా మావయ్యగారూ?"

"గడువు అయిపోయింది కదమ్మా."

"అయిపోయిందండి. పరీక్ష లేదు కదా, హాయిగా చేసుకోవచ్చు."

సోమవారం పొద్దున్న గోదావరి మీద నుంచి చల్లటి గాలి వచ్చింది. మేం వస్తామని మాస్టారు అనుకోలేదట, అయినా తాళం తీసి పరుపు వేసి ఉంచారు. కోడలు ఎక్కి, వాలి, ఒక చెయ్యి వదిలి, రెండోది వదిలింది. రెండు అరచేతులూ కలిపి దణ్ణం పెట్టింది. జడ నిలువుగా వేలాడుతోంది. నేను ఊపిరి తీసుకున్నాను, మళ్లీ తీసుకున్నాను, ఆవిడ అలాగే ఉంది. ఆ దణ్ణంలోనే తాపీగా అంది.

"మావయ్యగారూ, గేటు దగ్గర ఎవరో ఉన్నట్టున్నారు. నాకు తలకిందులుగా కనబడుతున్నారు, పోల్చుకోలేకపోతున్నాను."

వెనక్కి తిరిగి చూశాను. అధ్యక్షులుగారు. పక్కన రెండు జడలకు రిబ్బన్లు కట్టిన ఎనిమిదేళ్ల మనవరాలు.

"గడువు అయిపోయిందన్నారు కదండీ" అన్నాను.

"నేననలేదండి, సెక్రెటరీ అన్నాడు" అన్నారాయన. మనవరాలి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చారు. "నిన్న ఆవిడ చేసేసి ఉంటే తరగతి పెట్టుకోమని సంతకం పెట్టి ఊరుకునేవాణ్ణి. కుదరలేదని తెలిసి అందరి ముందూ దిగిపోయింది కాబట్టి మా పిల్లని తీసుకొచ్చాను."

కోడలు దిగి వచ్చి, ఆ పిల్ల ఎదుట గొంతుక్కూర్చుని పేరు అడిగింది. పిల్ల చెప్పి, స్తంభం కొన వైపు తలెత్తి చూసింది.

"అంత పైకి ఎక్కాలాండి?"

"ఇవాళ కాదు. ఇవాళ కింద పడటం ఆడుకుందాం" అంటూ కోడలు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పరుపు దగ్గరికి నడిపించింది.

మాస్టారు, అధ్యక్షులుగారు, నేను వెళ్లి బెంచీ మీద కూర్చున్నాం.