శాఖ పేరు లేని జీవో

మా ముత్తాత నాలుగు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాతకు మిర్యాలగూడలో రెండు రైసు మిల్లులు ఉండేవి. ఆయన కోర్టుకు వస్తే వకీళ్లు లేచి కుర్చీ ఇచ్చేవారు. మా దాకా మిగిలింది అక్కడి వడ్ల గోదాము ఒక్కటే. దాని మీద బతికేది మా తమ్ముడు. నేను సూర్యాపేటలో వకీలును.

పని నేర్చుకున్నది కోదాడలో ఒక సీనియర్ దగ్గర. ఒక అర్జీలో నేను నిబంధన పేరు, అది ఏ చట్టం కింద వచ్చిందో, దాన్ని తెచ్చిన జీవో నంబరు, శాఖ, తేదీ, గెజిట్ అన్నీ రాస్తే, ఆయన క్లయింట్ల ముందు ఆ కాగితం ఊపాడు.

"ఏందయ్యా ఇది, మీ వంశవృక్షమా? జీవో నంబరు రాస్తే చాలదూ? దొరతనం పోయినా రివాజులు పోలేదు నీకు."

అందరూ నవ్వారు. నేను మర్చిపోలేదు.

మా వైపు వకీళ్లకు జీవో నంబరు, ఏడాది చెప్తే చాలు. కానీ ప్రతి శాఖా ఏటా తన జీవోల నంబర్లు ఒకటి నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. ఒకే ఏడాది ఒకే నంబరుతో ఎన్నో జీవోలుంటాయి.

మొన్నామధ్య పక్క మిల్లు యజమాని, మా గోదాముకు నిబంధన ప్రకారం దారి లేదని, మూయించాలని కోర్టుకెక్కాడు. అతని వకీలు ఆ సీనియరే. పిటిషన్‌లో జీవో నంబరు, ఏడాది ఉన్నాయి, శాఖ పేరు లేదు.

"అన్నా, చివరి వాదన దాక ఆగు. ఇప్పుడే చెప్తే దిద్దుకుంటడు," అన్నాడు తమ్ముడు.

ఆగలేదు. హాలు నిండుగా ఉన్న రోజు చూసి, అదే ఏడాది, అదే నంబరున్న మత్స్యశాఖ జీవో తెచ్చి గొంతెత్తి చదివాను. చెరువుల్లో చేపపిల్లలు వదలడం గురించి.

వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు: "సార్, వల తెచ్చిండ్రా?"

ఆయన చెవులు ఎర్రబడేదాకా చూసి, అప్పుడు కూర్చున్నాను.

జడ్జి దిద్దుకోవడానికి గడువిచ్చారు. బయట ఆయన నా పక్కనే ఆగాడు. "బాగా నేర్పావు. ఇగ చూడు."

వాయిదా నాటికి చట్టం, అధికారమిచ్చిన సెక్షన్, శాఖ, తేదీ, గెజిట్ అన్నీ నేను రాసే వరుసలోనే రాసి తెచ్చాడు. ఆ నిబంధన అడిగే వెడల్పు మా దారికి లేదు. మూసేయమని ఉత్తర్వు వచ్చింది.

కోదాడ వకీళ్లు ఆయన్ను ఇప్పటికీ చేపల సార్ అనే పిలుస్తారు.

గోదామును, ముందున్న కాటాతో సహా, పక్క మిల్లు యజమానికే అమ్మాం.